బతికున్నోని బొమ్మ

గోదావరిఖని
2 మే 2005

తమ్మీ రాయమల్లూ,

నువ్వు ఆరోగ్యంగా ఉన్నావని ఎవరూ నాకు చెప్పలేదు. అందుకని అట్లా అనుకుని మొదలుపెట్టలేకపోతున్నాను. ఫోనులో అడుగుదామంటే నీ చెవులకు గంట మోగింది కూడా వినపడదు. పోయినసారి నేను "అన్నం తిన్నవా?" అంటే, నువ్వు "మా దిక్కు కూడ వాన పడ్డది" అన్నావు. అందుకే కాగితం పట్టుకున్నాను. నాది రాత్రి బడి చదువని నీకు తెలుసు. మనసు నిమ్మళంగా ఉన్నంతసేపు బడిలో నేర్పినట్టు రాస్తాను. పానం ఆగకపోతే నోటికొచ్చినట్టే వస్తుంది. తప్పులు పట్టకు.

నిన్న మీ మమత ఫోను చేసింది. నీ బిడ్డ మంచిది, మాటలు దాచదు. "అత్తా, బాపు పొద్దందాక అద్దం ముంగట కూసుంటుండు, తన మొఖం తనే గీసుకుంటుండు" అన్నది. నా చేతిలోంచి ఫోను జారింది.

కంపెనీలో నువ్వు పెయింటరువి. బోర్డులు రాశావు, బొగ్గు టబ్బుల మీద నంబర్లు వేశావు. అది డ్యూటీ. డ్యూటీ దిగాక నువ్వు గీసిన బొమ్మలన్నీ ఎవరివి? బొగ్గుబాయిలో పోయినవాళ్ళవి, దవాఖానలో పోయినవాళ్ళవి. పొద్దున మనిషి పోతే సాయంత్రం గేటు ముందు సంతాప సభకు బొమ్మ తయారుగా ఉండాలి. ఆ మనిషి ఐడీ కార్డు పట్టుకుని సైకిలు మీద నీ దగ్గరికే ఉరికేవాళ్ళు. గిన్నేండ్లల్ల నువ్వు గీసిన మనిషి ఒక్కడన్న బతికి ఉన్నడా? ఉంటే పేరు రాయి.

మరి ఇప్పుడు నీ బొమ్మ నువ్వే ఎందుకు గీసుకుంటున్నట్టు? డాక్టరు ఏమైనా అన్నాడా? ఛాతీలో నొప్పా? రాజవ్వ కలలోకి వచ్చి పిలిచిందా? నా మరదలు మంచిదే, కాదనను. కానీ పోయిన మూడేండ్లకు ఇప్పుడు పిలిస్తే మాత్రం పోవద్దు. కోపం చేసుకుంటే చేసుకోనీ.

మన అమ్మ కన్నవాళ్ళలో మిగిలింది నువ్వూ నేనూ. ఇక్కడ ఎండకు నల్లా నీళ్ళు కూడా కాలుతున్నాయి. మామిడి తొక్కు పెట్టాను. ఉప్పు ఎక్కువైందని నా అనుమానం. కోడలు కాదంటున్నది, నేను నమ్మడం లేదు. జవాబు వెంటనే రాయి. రాయకపోతే ఏదో అయిందనుకుంటాను. రాసినా అనుకుంటాను. అయినా రాయి.

నీ అక్క
సారవ్వ


గోలేటి
9 మే 2005

అక్కా, దండం.

నేను బతికే ఉన్నాను. కింద సంతకం ఉంది, చూసుకో. డాక్టరు ఏమీ అనలేదు, ఎందుకంటే నేను డాక్టరు దగ్గరికి పోలేదు. రాజవ్వ కలలోకి వచ్చిన మాట నిజమే. పిలవలేదు. "గా తువ్వాల ఎన్ని దినాలు కప్పుకుంటవ్, ఉతుకు" అని పోయింది.

సంగతి చెబుతాను. రిటైరైనవాడికి గోలేటిలో పనేముంది? అల్లుడు కిషన్ షిఫ్టుకు పోతాడు. మమత కుట్టుమిషను తొక్కుతుంది. మనవరాలు సహస్ర బడికి పోతుంది. టీవీలో అందరూ నోళ్ళు తెరుస్తారు, మూస్తారు, ఏమంటున్నారో నాకు తెలియదు. ఇంట్లోవాళ్ళవైతే అలవాటు కొద్దీ మూతులు చూసి మాట పట్టుకుంటాను. ఒకనాడు సహస్ర గోడ మీది రాజవ్వ బొమ్మను చూపి, "తాతా, గీమె ఎవలు?" అన్నది. "మీ అమ్మమ్మే" అన్నాను. "కాదు. అమ్మమ్మ గిట్ల ఉండకపోయేది" అన్నది.

దగ్గరికి పోయి చూశాను. పిల్ల చెప్పింది నిజం. ఆ బొమ్మ నేనే గీశాను, ఓటరు కార్డు ఫోటో చూసి. అది రాజవ్వ కాదు అక్కా, ఓటరు కార్డు. ఆమె మూతి ఒక పక్కకు తిప్పి నవ్వేది కదా, ఆ మూతి అందులో లేదు. ఇన్నేండ్లూ నేను గీసింది కార్డులను. తెల్ల అంగీ, నేరు చూపు. కోపం లేదు, నవ్వు లేదు. పోయినవాళ్ళందరూ నా చేతిలో ఒక్క తల్లి పిల్లలైపోయారు.

ఒక్కసారైనా బతికున్న మనిషిని చూసి గీద్దామనిపించింది. కిషన్‌ను కూర్చోమంటే డ్యూటీకి టైమైంది అన్నాడు. మమతను కూర్చోబెడితే పప్పు మాడింది. కదలకుండా కూర్చునే తీరిక ఉన్న ముఖం ఇంట్లో నాది ఒక్కటే. ఇంతే సంగతి. దీనికి ఇంత గాబరానా?

మొదటి బొమ్మ అయిపోయింది, అట్ట మీద గీశాను. ఎల్లుండి కిషన్ పనిమీద గోదావరిఖని వస్తున్నాడు. సిరాజుద్దీన్ దుకాణంలో ఫ్రేము కట్టించి నీకు చేర్చమన్నాను. దగ్గర పెట్టుకుని చూస్తూ ఉండు, ఫికర్ తగ్గుతుంది.

నీ తమ్ముడు
రాయమల్లు


గోదావరిఖని
20 మే 2005

రాయమల్లూ,

ఫికర్ తగ్గుతదా? తగ్గుతదా? నీ మొఖం మండ!

ముందు జరిగింది రాస్తాను, తిట్లు తర్వాత.

నీ అల్లుడు బస్సుకు టైమైందని బొమ్మను సిరాజు బల్ల మీద పెట్టి, "సారవ్వత్తకు ఇయ్యాలె" అని ఒక్క మాట చెప్పి ఉరికాడు. సిరాజు అప్పుడే నమాజుకు లేస్తున్నాడట. తిరిగి వచ్చి కాగితం విప్పాడు. నీ ముఖం. తెల్ల అంగీ, నేరు చూపు. నువ్వు గీసిన బొమ్మలకు ఫ్రేములు కట్టీ కట్టీ తల నెరిసిన మనిషి ఆయన. నీ చేతి బొమ్మ ఆయన దుకాణానికి వచ్చిందంటే దానికి ఒక్కటే అర్థం. పాపం, స్టూలు మీద కూలబడి ఏడ్చాడట. ఆ తర్వాత నల్ల అంచు ఫ్రేము కట్టాడు. కింద బంగారు రంగుతో "కీర్తిశేషులు రాయమల్లు" అని రాశాడు. గంధపు చెక్క దండ తన తరఫున వేశాడు. నీతో పనిచేసిన గట్టయ్యనూ కొమురెల్లినీ వెంటబెట్టుకుని నా వాకిట్లోకి వచ్చాడు.

నీ ఉత్తరం నాకింకా అందలేదు. నేను బియ్యం చెరుగుతున్నాను. తల ఎత్తితే దండ వేసిన నా తమ్ముడు.

చాట ఎటు పోయిందో తెలియదు. "తమ్మీ!" అని అరిచాను. నేను అరిచేసరికి వాళ్ళకు ఏమైనా అనుమానం ఉంటే అదీ పోయింది. కబురు నాకు ముందే తెలుసని వాళ్ళనుకున్నారు. కబురు తెచ్చిందే వాళ్ళని నేననుకున్నాను. సిరాజు "సబర్ చెయ్ అక్కా" అంటూ తనే వెక్కుతున్నాడు. గట్టయ్య, "అసొంటి మనిషి మల్ల పుట్టడు" అన్నాడు. తన గొడుగు నువ్వే కొట్టేశావని ఇన్నాళ్ళూ కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకునే గట్టయ్య! ఆయన నోట ఆ మాట వినేసరికి, ఇంక నువ్వు లేవన్నది ఖాయమైపోయి, నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

పక్కింటి తస్లీమా వచ్చి అందరినీ చూసింది, బొమ్మనూ చూసింది.

"గీ బొమ్మ ఎవలు గీసిండ్రు చాచా?"

"రాయమల్లే. ఆయన చెయ్యి నాకు తెల్వదా?"

"మరి సచ్చిపోయినోడు ఎట్ల గీసిండు?"

నలుగురం కొంగుల్లో, తువ్వాలల్లో ముక్కులు తుడుచుకుంటూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నా కొడుకు రఘుపతి వెంటనే మమతకు ఫోను చేశాడు. "బాపు రంగులు తెచ్చేటందుకు బజారుకు పోయిండు, ఇప్పుడే వస్తడు" అన్నది. గట్టయ్య కండ్లు తుడుచుకుని, "వస్తే నా గొడుగు సంగతి అడుగు" అన్నాడు.

ఆ బంగారు అక్షరాలు గీకించాను. గీకిన మచ్చ అట్లనే ఉన్నది. బొమ్మను గోడవైపు తిప్పి పెట్టాను. తిట్లు రాయడానికి ఇంక ఓపిక లేదు, నువ్వే అనుకో. ఒక్కటి మాత్రం నా మీద ఒట్టేసి చెప్పు. నువ్వు అద్దం చూసి గీసినవంటివి గదా. మరి అది పోయినోని లెక్కనే ఎందుకున్నది?

సారవ్వ


గోలేటి
27 మే 2005

అక్కా,

నీ ఉత్తరం చదివి నేను నవ్వుతుంటే మమత ఏమైందని లోపలి నుంచి వచ్చింది. ఆమెకూ చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు. ముందు ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది. మేనత్త పోలిక ఎక్కడికి పోతుంది?

గట్టయ్య గొడుగు నా దగ్గర లేదు, కొమురెల్లి దగ్గర ఉంది. వాళ్ళిద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టి అడుగు, నీకు పొద్దుపోతుంది.

నువ్వడిగిన మాటకు జవాబు. సిరాజు తప్పేమీ లేదు. నేను గళ్ళ బనీను వేసుకుని అద్దం ముందు కూర్చున్నాను. బొమ్మ పూర్తయ్యాక చూస్తే తెల్ల అంగీ వేసుకుని ఉన్నాను. కావాలని వేయలేదు అక్కా, చెయ్యి తన అలవాటు కొద్దీ తొడిగేసింది. నా ముఖాన్ని నేనే కార్డు చేశాను. చూసినవాడు దండ వేయకపోతే ఆశ్చర్యం గానీ, వేస్తే ఏం వింత?

అందుకే ఇంకోటి గీశాను. ఎట్లా ఉంటే అట్లా గీయాలి, సర్దకూడదు, చక్కదిద్దకూడదు అని ఒట్టు పెట్టుకున్నాను. ముఖం కుదిరింది గానీ రంగుతోనే తంటా. అద్దం పైన ఒక గుడ్డి బల్బు ఉంది. దాని వెలుగులో కామెర్లు వచ్చినవాడిలా పసుప్పచ్చగా కనపడుతున్నాను. నా రంగు నాకు తెలియదా? నీలం కలిపి సరిచేసుకుంటున్నాను. ఆ నీలం డబ్బా ఊరికే అయిపోతున్నది. దుకాణపువాడు తక్కువ పోసి ఇస్తున్నాడని నా అనుమానం.

ఈ బొమ్మ కాగితం మీదిది. చుట్టచుట్టి పోస్టులో పంపుతున్నాను. సిరాజుకు చూపకు, ముసలి పానం, మళ్ళీ తట్టుకోలేడు.

రాయమల్లు


గోదావరిఖని
14 జూన్ 2005

తమ్మీ,

రెండో బొమ్మ అందింది. అందినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మొదటి బొమ్మలో ఏమీ లేదని ఏడ్చాను. దీనిలో అన్నీ ఉన్నాయి. కనుబొమ్మలు ముడిపడ్డాయి. దవడ బిగిసింది. ఎవరినో కొట్టబోతున్న కండ్లు. నోటితో అబద్ధం ఆడొచ్చు గానీ, ఎట్లా ఉంటే అట్లా గీశానని నువ్వే రాశావు. ఇంత కోపం ఎవరి మీద? నేను బాగా ఆలోచించాను. సహస్ర మీద కాదు, చిన్నపిల్ల. నా మీద కాదు, నేను దూరంగా ఉన్నాను. అల్లుని ఇంట్లో ఉన్న మనిషికి అల్లుని మీద కాక ఇంకెవరి మీద వస్తుంది?

అందుకే మమతకు ఫోను చేశాను. "మా తమ్మున్ని ఏం బాధ పెడ్తున్నరు? రెండు పూటల తిండి పెడ్తున్నరా? కిషన్ ఏమన్న అంటుండా?" అని గట్టిగా అడిగాను. "మా బాపు నీకు గట్ల రాసిండా అత్తా?" అన్నది. "రాయలే, గీసిండు" అన్నాను. ఫోను పెట్టేసింది.

ఇక రెండో భయం. నీ పెదవులు, కండ్ల కింద, చెవులు, అన్నీ నీలంగా ఉన్నాయి. పాము కరిచినవాని లెక్క ఉన్నావు. బల్బు గుడ్డిదని రాశావు కదా. ఆ బల్బు మాట కూడా మమతను అడిగాను. "బల్బు ఎక్కడిదత్తా, అద్దం కాడ కొత్త ట్యూబులైటు వేసినం" అన్నది. అక్కతో అబద్ధాలా?

తస్లీమాకు చూపించాను. దగ్గర పెట్టుకుని చూసి, "గుస్సా గాదు ఖాలా, గిది పన్ను నొప్పి. మా మామ గిట్లనే ఉండె, పీకించినంక సాఫ్ అయిండు" అన్నది. చిన్నపిల్ల, దానికి మనుషుల బాధలు ఏం తెలుస్తాయి? నువ్వు వచ్చి నా దగ్గర ఉండు. గంజి తాగినా ఇద్దరం కలిసి తాగుదాం.

నీ కోసం వాకిట్లో చూస్తూ
అక్క


గోలేటి
22 జూన్ 2005

అక్కా, నీకో దండం, నీ ఫోనుకు పెద్ద దండం.

మా ఇంటి పరిస్థితి చెబుతాను. మమత నా పళ్ళెంలో రొట్టెల మీద రొట్టెలు వేసి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంటున్నది. చివరికి "కడుపు నిండిందా? నిండితే నిండిందని అత్తకు రాయి" అంటున్నది. కిషన్ నన్ను చూడగానే కుర్చీలోంచి లేస్తున్నాడు. నిన్న కొత్త లుంగీ తెచ్చి, ఏమీ అనకుండా నా మంచం మీద పెట్టిపోయాడు. నీ పుణ్యమా అని బాగానే గడుస్తున్నది. కానీ ఇంట్లో ఒక్కరూ నవ్వడం లేదు. ఇంకో ఫోను చేసి ఆ పిల్ల మనసు బాగుచెయ్యి.

తస్లీమాకు నా సలాం చెప్పు. అది పన్ను నొప్పే. దవడ వాచిన రోజున కూర్చుని గీశాను. మర్నాడే పీకించాను. నాకు ఎవరి మీదా కోపం లేదు. కానీ నొప్పి వచ్చినప్పుడు నా ముఖం అట్లా తయారవుతుందని ఈ వయసులో తెలిసింది. నడుము నొప్పితో డ్యూటీ దిగి వస్తుంటే క్యాంటీనువాడు అడగకముందే ఉరికొచ్చి చాయ్ ఎందుకు ఇచ్చేవాడో ఇప్పుడు అర్థమైంది.

నీలం సంగతి మాత్రం ఒప్పుకోను. నా ముఖంలో నీలం ఎక్కడిది? నేను గొణిగితే బల్బు తీసి ట్యూబులైటు వేశారు, అది కూడా గుడ్డిదే. చెబితే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఇప్పుడు మూడో బొమ్మ పంపుతున్నాను, ఇది నవ్వుతున్న బొమ్మ. దీని కోసం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. నవ్వితే చెయ్యి కదులుతుంది, గీస్తే నవ్వు ఆగిపోతుంది. అద్దం ముందు ఒక్కడినే ఇకిలిస్తుంటే పక్కింటామె కిటికీలోంచి చూసి మమతను పిలిచి ఏదో చెప్పింది. వినపడలేదు గానీ, తన తల దగ్గర వేలు తిప్పడం చూశాను.

రంగు ఈసారి అచ్చం నాదే. ఇందులో కూడా నీకు నీలం కనపడితే నీ కండ్లు చూపించుకో.

రాయమల్లు


గోదావరిఖని
10 జూలై 2005

తమ్మీ,

మమతకు ఫోను చేశాను. "ముసల్దాన్ని, గాబరాల అన్న బిడ్డా" అన్నాను. "నీ గాబరా మాకు కొత్తనా అత్తా" అన్నది. నవ్వింది. కిషన్ తెచ్చిన లుంగీ మాత్రం తిరిగి ఇయ్యకు.

మూడో బొమ్మ విప్పగానే నవ్వొచ్చింది. మూతి, పీకించిన పన్ను సందు, ముడతలు, అచ్చం నువ్వే. ఆ తర్వాత గుండె ఆగింది. ముఖమంతా నీలం తమ్మీ! నీలిమందు బకెట్‌లో ముంచి తీసినట్టు ఉన్నావు. నువ్వేమో తప్పు నా కండ్లదే అన్నావు.

అప్పటి నుంచి నా కండ్ల మీద నాకు నమ్మకం పోయింది. మిరపకాయలు ఏ రంగు అని కోడలిని అడిగాను. "ఎర్రగున్నయి అత్తమ్మా" అన్నది. రఘుపతి అంగీ అడిగాను, తస్లీమా చున్నీ అడిగాను, పిల్లి రంగు అడిగాను. నాకు కనపడిందీ వాళ్ళు చెప్పిందీ ఒక్కటే. అయినా నన్ను ఓదార్చడానికి అందరూ కలిసి అట్లా అంటున్నారేమో! మన కాలనీ హాలులో కంటి శిబిరం పెడితే పోయి వరుసలో నిలబడ్డాను. నాకు నీలంగా కనపడుతున్నది ఇదీ అని చూపడానికి నీ బొమ్మను చంకలో పెట్టుకుని పోయాను.

డాక్టరమ్మ చిన్న పిల్ల. నా కండ్లలోకి లైటు వేసి చూసి, "నీ కండ్లు నీ వయసుకు మంచిగున్నయమ్మా" అన్నది. బొమ్మ విప్పి చూపాను. "నీలంగనే ఉన్నది కదా" అన్నది. నేను ఊపిరి పీల్చుకునేలోపల మళ్ళీ అడిగింది.

"ఎవలు గీసిండ్రమ్మా? పెద్దమనిషా?"

"మా తమ్ముడు."

"దీపాలన్ని గుడ్డిగున్నయి అంటడా?"

"నీకెట్ల తెలుసు బిడ్డా?"

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. నీ కంట్లో పొర పెరుగుతున్నదట. లాంతరు గాజుకు పొగ చూరినట్టు, లోపలి అద్దం పచ్చబడిందట. దానిలోంచి చూస్తే లోకమంతా పసుప్పచ్చగా, మసకగా ఉంటుంది. మెల్లమెల్లగా వస్తుంది గనుక మనిషికి తెలియదు. నీ ముఖం నీకు పచ్చగా కనపడింది, బల్బు తప్పు అనుకున్నావు. నీ పాత రంగు గుర్తుంది గనుక, ఆ రంగు కనపడేదాకా నీలం పోశావు. దుకాణపువాన్ని ఉత్తగనే తిట్టినవ్. ఇట్లనే వదిలేస్తే పొర గట్టిపడి, ఆపరేషన్ చేసినా పని కష్టమవుతుందట. జల్ది చేయించాలన్నది.

నీ బొమ్మల్లో నేను చావు వెతికాను, కోపం వెతికాను, విషం వెతికాను. దొరికింది కంట్లో పొర. ఇంతేనా అని సంతోషంతో ఇంటిదాకా ఏడ్చుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి కూర్చున్నాక అసలు భయం పట్టుకున్నది. నీకు చెవులు లేవు. కండ్లు కూడా పోతే నేను నీతో ఎట్లా మాట్లాడాలి? ఈ ఉత్తరం ఎవరు చదువుతారు? మమత నీ చెవిలో అరిస్తే, "మా దిక్కు కూడ వాన పడ్డది" అంటావు. నా తమ్ముడు ఉండి కూడా నాకు లేకుండా పోతాడు. పోయి ఆపరేషన్ చేయించుకో. లేదంటే సిరాజును దండతో సహా గోలేటికి పంపుతా.

సారవ్వ


మంచిర్యాల కంటి దవాఖాన నుంచి వచ్చాక, గోలేటి
20 ఆగస్టు 2005

అక్కా,

కుడి కంటికి అయిపోయింది. కట్టు విప్పాక ఇంటికొచ్చి ముందు నా బొమ్మలు తీయించాను. నీకు పంపనివి ఇంకో రెండు ఉన్నాయి. అక్కా, అది నేను కాదు, వీధి నాటకంలో కృష్ణుని వేషం! పిల్లనగ్రోవి ఒక్కటే తక్కువ. ఇంతకాలం ఈ ఇంట్లో ఎవరూ ఎందుకు చెప్పలేదురా అంటే, "బాపూ, గది ఫ్యాషన్ అనుకున్నం" అన్నాడు కిషన్.

లోకం కడిగి ఆరేసినట్టు ఉంది. ట్యూబులైటు చూస్తే కండ్లు జిగేలుమంటున్నాయి. మమత తలలో తెల్ల వెంట్రుకలు కనపడ్డాయి. సహస్ర చెవి వెనక పుట్టుమచ్చ ఉందని నాకిప్పుడే తెలిసింది. దుకాణపువాని దగ్గరికి పోయి, చాయ్ తాగించి, ఎందుకో చెప్పకుండా వచ్చాను.

ఆపరేషన్ అంటే ఏమీ లేదు. ముఖం మీద గుడ్డ కప్పుతారు. కప్పితే కన్ను కనపడదు, నాకు చెవి ఎట్లాగూ వినపడదు. డాక్టరు ఏం చెబుతున్నాడో, కదలాలో వద్దో తెలియదు. బాయిలో కొత్తగా చేరినప్పుడు ఒకసారి తలమీది దీపం ఆరిపోతే గోడకు ఆనుకుని అట్లనే కూర్చున్నాను. ఇదీ అంతే. జరసేపటి పని.

ఎడమ కంటికి కూడా చేస్తామని తారీఖు ఇచ్చారు. నేను వద్దన్నాను. ఒక కన్ను చాలు. గీత నేరుగా వచ్చిందో లేదో చూడాలంటే పెయింటరు ఎట్లాగూ ఒక కన్ను మూస్తాడు. భయం కాదు, అనవసరం. మమత నీకు ఫోను చేసి ఏదేదో చెబుతుంది, పట్టించుకోకు.

కొత్త కంటితో గీసిన బొమ్మ పంపుతున్నాను. తెల్ల అంగీ లేదు, పన్ను నొప్పి లేదు, నీలం లేదు. సిరాజుతో ఫ్రేము కట్టించు. ఈసారి ముందే చెప్పు. ఎట్లుందో రాయి.

రాయమల్లు


గోదావరిఖని
28 ఆగస్టు 2005

తమ్మీ,

బొమ్మ పట్టుకుని నేనే దుకాణానికి పోయాను. సిరాజు నన్ను చూడగానే లేచి నిలబడి, "ఉన్నడు కదా అక్కా? ఉన్నడు కదా?" అన్నాడు. "ఉన్నడు, కన్ను గూడ బాగైంది" అన్నాను. "బతికున్నోళ్ళకు నా కాడ పెండ్లి ఫ్రేమే ఉన్నది" అన్నాడు. కట్టించాను. నీ తలకు అటో చిలుక, ఇటో చిలుక ఉన్నాయి.

ఇంటికి తెచ్చి గోడకు పెట్టగానే అందరూ వచ్చారు. తస్లీమా "బోలో అంటే మాట్లాడెటట్టున్నడు" అన్నది. గట్టయ్య చాలాసేపు చూసి, "వీడే, గొడుగు దొంగ" అన్నాడు. పోలిక కుదిరిందనడానికి ఇంకేం కావాలి?

అందరూ పోయాక నేనొక్కదాన్నే కూర్చుని చూశాను. నువ్వు గీత సరిచూడడానికి ఒక కన్ను మూస్తావు కదా, నేను బొమ్మలో సగం మూశాను. ముందు ఎడమ కన్ను మీద అరచెయ్యి పెట్టాను. కుడి కన్ను నవ్వుతున్నది. లోకాన్ని కడిగి ఆరేసిన కన్ను అదే. తర్వాత చెయ్యి మార్చి కుడి కన్ను మీద పెట్టాను. తమ్మీ, ఆ ఎడమ కన్ను నవ్వడం లేదు. చిన్నప్పుడు నీకు అమ్మవారు పోసి చీకటి అర్రలో పడుకోబెడితే, తలుపు సందులోంచి నా దిక్కు చూసిన కన్ను అది. "అక్కా, లోపలికి రా" అని నోటితో అనలేదు అప్పుడు కూడా.

తస్లీమాను పిలిచి, ఏం చెప్పకుండా, అట్లనే సగం మూసి చూపించాను. పోయినసారి నేను తప్పు చదివాను కదా, అందుకని. "మామ డర్ రహే ఖాలా" అన్నది. భయపడుతున్నాడన్నది.

భయం కాదు, అనవసరం అని రాశావు. రాసింది నువ్వే, గీసింది నువ్వే. నేను గీసినోన్నే నమ్ముతున్న.

రఘుపతితో దవాఖానకు ఫోను చేయించాను. "మా మామకు వినరాదు, మొఖం కప్పితే కనరాదు, ఒక మనిషిని పక్కన ఉండనియ్యాలె" అని అడిగించాను. పెద్ద డాక్టరును అడిగి వచ్చి, సరే అన్నారట. చేతులు కడుక్కుని, వాళ్ళ గౌను వేసుకుని, మాట్లాడకుండా కూర్చోవాలట. మాట్లాడకుండా అనే దగ్గర రఘుపతి నా దిక్కు చూసి నవ్వాడు. నువ్వు నవ్వకు. తారీఖు మళ్ళీ రాయించాం. బుధవారం పొద్దున బస్సుకు నేను గోలేటిలో దిగుతాను. నువ్వు వద్దన్నా వింటానా? చెవులు పోయింది నీకొక్కనికే అనుకున్నవా?

ఇప్పుడు చెప్పేది మనసుల పెట్టుకో, అక్కడ చెప్పరాదు. గుడ్డ కప్పినప్పటి నుంచి నీ చెయ్యి నా చేతిలనే ఉంటది. ఒక్కసారి నొక్కితే, కదలకు అని. రెండుసార్లు నొక్కితే, అయిపోయింది లెవ్వొచ్చు అని. మూడుసార్లు నొక్కితే మాత్రం నువ్వు ఏం చెయ్యకు. నాకు భయమైతున్నదని, గంతే.

నీ అక్క
సారవ్వ